ఈస్టరు అయ్యాక ఆపరేషన్

ఆ ఉదయం కూడా జ్ఞానమ్మ టీ వద్దంది. ఈస్టరుకు ముందు నలభై రోజుల శ్రమల దినాలు కదా, పొద్దుగుంకేదాకా ఆవిడ నోట్లో మెతుకు పడదు. గుమ్మం పక్కన కూర్చుని లేసు అల్లుతూ మాటిమాటికీ మోకాళ్ళు నిమురుకుంటోంది. ఏళ్ళ తరబడి నేలమీద కూర్చుని లేసు అల్లిన నరసాపురం ఆడవాళ్ళకు చివరికి మిగిలేది ఆ నొప్పే.

"ఈస్టరు అవగానే భీమవరంలో రెండు మోకాళ్ళకీ ఆపరేషన్ చేయించేద్దామమ్మా. కొత్త కీళ్ళు వేస్తారు, పరిగెడతావు," అన్నాడు కొడుకు సాల్మన్, బండి తాళం తీసుకుంటూ.

"పరుగెందుకురా నాకు? అవి వేశాక మోకరించకూడదన్నారుగా డాక్టరుగారు. ఈ ఈస్టరు దాకానైనా చర్చిలో ప్రభువు బల్ల దగ్గర మోకాళ్ళ మీద ఉండనీ."

"కుర్చీలో కూర్చుంటే దేవుడు వద్దంటాడా?"

ఆవిడ మళ్ళీ లేసు అందుకుంది. మొండితనంలో తల్లీకొడుకులు ఒకరికొకరు తీసిపోరు.

అతను వెళ్ళాక కోడలు తబిత రోజూలాగే నొప్పి బిళ్ళా, గుక్కెడు నీళ్ళూ తెచ్చింది. ఈ సంగతి అత్తాకోడళ్ళకు తప్ప మూడో కంటికి తెలియదు.

"తిన్నాకే వేసుకోవాలన్నాడు మందుల షాపతను. రెండు ఇడ్లీలు తినండత్తయ్యా."

"తింటే ఇంక ఉపవాసం ఏంటే? ఇలా ఇవ్వు."

బిళ్ళ పడ్డాక అత్తగారు నవ్వుకుంటూ చర్చికి నడిచిపోతుంటే, తను మంచిపనే చేస్తున్నాననుకునేది పిచ్చి తబిత. ఆవిడకు కడుపులో మంట పుడితే ఇద్దరూ ఉపవాసం వల్లే అనుకున్నారు.

ఈస్టరుకు ముందు వారం, మట్టల ఆదివారం నాడు చర్చిలో బల్ల దగ్గర మోకరించిన జ్ఞానమ్మ మళ్ళీ లేవలేదు. పొట్ట పట్టుకుని పక్కకు ఒరిగిపోయింది.

"ఖాళీ కడుపున నొప్పి బిళ్ళలు మింగి మింగి పేగుకి చిల్లు పడిందండి," అన్నాడు భీమవరం ఆసుపత్రిలో సర్జను. "పొట్టలోపలంతా ఇన్ఫెక్షన్ పాకింది. వెంటనే కోసి కుట్టాలి. ఈ వయసులో ఏమీ చెప్పలేం. మోకాళ్ళ మాట ఇప్పట్లో ఎత్తకండి."

థియేటర్ తలుపు మూసుకున్నాక సాల్మన్ భార్యవైపు తిరిగాడు. "ఏం బిళ్ళలు? ఎవరిచ్చారు?"

"నేనేనండి."

"మా అమ్మని చేతులారా చంపేశావా?"

తబిత తలెత్తింది. "మంచం దిగలేక గోడ పట్టుకుని ఏడ్చేవారండి ఆవిడ. మీరు పొద్దున్నే వెళ్ళిపోతారు, చూసేది నేను. ఈస్టరు దాకా ఆగుదామని మీరిద్దరూ అనుకున్నారు. ఈలోపు ఆ నొప్పిని నేనేం చెయ్యాలండి?"

అమ్మకి ఎలా ఉంది, ఏం తింది అని తను అడిగిన రోజు ఒక్కటీ సాల్మన్‌కి గుర్తుకు రాలేదు. మూసిన తలుపు చూస్తూ ఇద్దరూ చెరో గోడకు ఆనుకుని నిలబడ్డారు. చెయ్యడానికి ఇంకేమీ లేదు.

ఈస్టరు ఉదయం ఇద్దరినీ లోపలికి రానిచ్చారు. జ్ఞానమ్మ ముక్కులో గొట్టం, పొట్టకు రెండు గొట్టాలు. బతుకుతుందని ఇంకా ఎవరూ చెప్పడం లేదు. తబిత మంచం పక్కన మోకరించి, అత్తగారి చేతిని నుదుటికి ఆనించుకుని వెక్కివెక్కి ఏడ్చింది.

"నన్ను క్షమించండత్తయ్యా."

ఆవిడ పెదవులు కదిలాయి. సాల్మన్ వంగి చెవి దగ్గర పెట్టాడు.

"దాన్ని లేపరా... చల్లటి బండలు. మోకాళ్ళు పట్టేస్తాయి దానికి."

సాల్మన్ కళ్ళు మసకబారాయి. రెండు చేతులతో భార్యను లేవదీసి, కుర్చీ దగ్గరకు లాగి, అందులో కూర్చోబెట్టాడు.