వాసన లేని జీడితోట

యాజులు మాష్టారిని చంపినవాళ్ళు తుపాకీ వాడలేదు. నర్సీపట్నం శివార్లలో, గాలి కొలిచే తన టవరు కింది గదిలోనే ఆయన బోర్లా పడి దొరికారు. ఊళ్ళో గుండెపోటనుకున్నారు. పోస్ట్‌మార్టమ్ మాత్రం ఊపిరితిత్తులు ఓజోన్ గ్యాసుకి మాడిపోయాయని తేల్చింది.

ఆ మాట విన్నాక ఏజెంట్ వెంకటదుర్గకి అన్నం సయించలేదు. పదో తరగతి తప్పి ఇంట్లో కూర్చున్న పిల్లని పిలిచి, సైన్సు చెప్పి, ఇంతదాన్ని చేసిన మనిషాయన. చంపినవాళ్ళని జైల్లో వేస్తే సరిపోదని ఆమె గట్టిగా అనుకుంది. వాళ్ళు బతికుండాలి, బతికినన్నాళ్ళూ వణకాలి.

విశాఖలో చీఫ్ జగదీశ్వరరావు క్లుప్తంగా బ్రీఫింగ్ ఇచ్చారు. ఎండెక్కితే చెట్లు ఆవిర్లు వదులుతాయి. అవి గాలిలోని ఓజోన్‌తో కలిస్తే కంటికానని రేణువులు పుడతాయి. అడవుల మీద కనిపించే పల్చని నీలి మసక అదే. ఒక విదేశీ ముఠా జీడితోటలో ఎక్కడో ఓజోన్ మిషన్ దాచి, చెట్ల చేతే ఆ మసకని చిక్కగా పుట్టిస్తోంది. ఎందుకంటే కొండమీది మన స్టేషన్ నుంచి సముద్రంలోని నౌకకి లేజర్ కిరణం ఆ తోటల మీదుగానే వెళ్తుంది. గాలి శుభ్రంగా ఉంటే కిరణం ఎవరికీ చిక్కదు. మసక పడితే కాంతి పక్కలకి చెదురుతుంది, దాన్ని పట్టే రిసీవరున్నవాడికి సందేశమంతా అప్పనంగా దొరుకుతుంది.

"మీ మాష్టారి టవరు మీది కౌంటర్ ఆ రేణువుల్ని లెక్కపెట్టి పట్టేసింది. ఆయన మనకి ఫోన్ చేశారు. మన కోడ్ చెప్పినవాళ్ళకి తప్ప తలుపు తియ్యొద్దన్నాను. మర్నాటికి లేరు" అన్నారు చీఫ్. "రేపు మధ్యాహ్నం కిరణంలో వెళ్ళేది మన సబ్‌మెరైన్ల రూట్లు. అవి ఎలాగైనా రేపే నౌకకి చేరాలి. ఈలోగా మిషనెక్కడుందో తేల్చు. లోకల్ కాంటాక్ట్ గౌతమి."

గౌతమి అందగత్తె. ఏటికొప్పాక లక్క బొమ్మలు ఎగుమతి చేసే షోరూమ్ ఆమె కవర్. మర్నాడు పొద్దున్నే పట్టుచీర, నల్ల కళ్ళద్దాలతో జీపు దిగింది.

"లక్క ఆరిందా?" అంది దుర్గ.

"రంగు కూడా పట్టింది" అంది గౌతమి నవ్వుతూ. కోడ్ కలిసింది.

దుర్గ వేషం పూత మీద తోటలు కొనే వ్యాపారిది. ఎస్. రాయవరంలో వాళ్ళ నాన్న చేసిన పనే అది. ఆ వ్యాపారులు పిందె పడకముందే బేరం కుదుర్చుకుంటారు. అందుకే తోటలోకి అడుగు పెట్టగానే నోరు మూసుకుని నిలబడతారు. ముందు వాసన, తరవాత తేనెటీగల రొద. రొద బాగుంటే కాపు బాగుంటుందని లెక్క. దుర్గ ప్రతి తోటలోనూ అలాగే నిలబడుతుంటే గౌతమికి విసుగొచ్చింది.

కొండ వాలులోని తోట దగ్గర గౌతమి జీపు ఆపలేదు. "ఇది పొద్దున్నే చూసేశాను దుర్గగారూ. ఏమీ లేదు. పూత వాసనకి తల తిరిగిపోయిందనుకోండి."

దుర్గ జీపు ఆపించి దిగింది. తోటంతా విరగబూసి ఉంది. ఒక్క తేనెటీగ లేదు. ఊపిరి గట్టిగా పీల్చినా పూత వాసన రవ్వంత కూడా తగల్లేదు. జిరాక్స్ షాపులో వచ్చేలాంటి ఘాటు మాత్రం ముక్కుకి తగిలింది. ఓజోన్ పూల వాసనని గాల్లోనే తినేస్తుందని, ఈగలు దారి తప్పుతాయని మాష్టారు చెప్పిన పాఠం ఆమెకి గుర్తొచ్చింది. ఈ తోటలో పూత వాసనకి తల తిరగడం ఎవరి తరమూ కాదు.

పిస్టల్ గౌతమి మెడకి ఆనింది.

"మాష్టారు నీకు తలుపెలా తీసేరు? సెప్పు."

గౌతమి తొణకలేదు. "కోడ్ చెప్పాను, తీశారు. గదిలో ఓజోన్ గొట్టం పెట్టి బయట గడియ వేశాను. ఆయన మంచివారు, ఎక్కువసేపు పట్టలేదు."

దుర్గ వేలు ట్రిగ్గర్ మీద బిగుసుకుంది. ఒక్క నొక్కుతో అయిపోయేదే. కానీ అంత సులువుగా పోవడం ఈమెకి దక్కకూడదనిపించింది.

"కాల్చినా లాభం లేదు" అంది గౌతమి. "రిసీవరు ఇక్కడ లేదు. మిషన్ ఇప్పుడాపినా మసక ఇంకాసేపు ఉంటుంది. చూడండి, సూర్యుడు నడినెత్తికొచ్చాడు."

దుర్గ రెండో చేత్తో ఫోన్ తీసింది.

"చీఫ్, మసక పడిపోయింది. రూట్లు ఆపండి. సముద్రపు గాలికి ఇది తేలిపోయాక, పొద్దు గూకే లోపల పంపండి. ఇప్పుడు ఆ కిరణంలో నేను సెప్పేది పంపండి బేగి. 'గౌతమి మన మనిషే. ముఠావాళ్ళ పేర్లన్నీ అప్పగించింది. మిగతావాళ్ళు దొరికేదాకా ఆమెని వాళ్ళ మధ్యనే ఉంచండి.'"

గౌతమి నవ్వు ఆగిపోయింది. దొంగిలించిన సందేశాన్ని మించిన నిజం ముఠాకి ఇంకోటి లేదని ఆమెకి అందరికన్నా బాగా తెలుసు. ఫోన్ లాక్కోబోయింది. దుర్గ ఆమె చెయ్యి మెలిపెట్టి చెట్టుకి ఆనించింది. అవతల కొండమీది స్టేషన్లో, సబ్‌మెరైన్ రూట్లు పంపే మీట మీద వేలు పెట్టిన ఆపరేటర్ ఆఖరి క్షణంలో తీసి, కొత్త సందేశం నొక్కాడు. నీలి మసకలోంచి కిరణం దూసుకుపోయింది.

కొద్దిసేపటికి గౌతమి ఫోన్ మోగింది. దుర్గే స్పీకర్ నొక్కి ఆమె ముందు పెట్టింది. "నీకోసం వస్తున్నాం గౌతమీ" అంది ఒక పరాయి యాస గొంతు, చాలా ప్రేమగా.

గౌతమి అడక్కుండానే అంతా కక్కేసింది. రిసీవరు నక్కపల్లి హైవే పక్కన ఒక మేడ మీదుంది. పేర్లన్నీ చెప్పింది. అప్పగించిందని దుర్గ అబద్ధంగా పంపించినవన్నీ ఇప్పుడు నిజంగానే అప్పగించింది. వాళ్ళు దొరికినా వాళ్ళ పైవాళ్ళు దొరకరని, తను ఏ ఊళ్ళో దాక్కున్నా వెతుక్కుంటూ వస్తారని ఏడ్చింది.

"మరేటి, వదిలీమంటావా?" అంది దుర్గ, గౌతమి చూపించిన పొదలో మిషన్ స్విచ్ కట్టేస్తూ.

"వద్దు దుర్గగారూ. మీ కాళ్ళు పట్టుకుంటాను, వదలొద్దు."

దుర్గ కడుపులో మంట అప్పుడు కాస్త చల్లారింది. పోలీసు జీపు వచ్చింది. ఎవరూ తలుపు తెరవకముందే తనే తీసుకుని ఎక్కి కూర్చుని, తనంతట తాను సీటు బెల్టు పెట్టుకుని, ఇంకా కదలవేమని కసిరిన ముద్దాయిని ఆ డ్రైవరు తన సర్వీసులో అదే మొదటిసారి చూడటం.