తువ్వాలు వేసిన సీటు

"నగరంలో పేలుడు జరిగాక మనం ఏం చేశాం?" బైనాక్యులర్స్ దించకుండానే అడిగాడు సూర్యప్రకాశరావు.

కొల్లేరు మీద ఆ పడవలో ఇద్దరే ఉన్నారు. చూసేవాళ్ళకు ఒకాయన పక్షుల పిచ్చి పట్టిన రిటైర్డ్ లెక్చరర్, రెండోవాడు ఆయన గైడ్. నిజానికి ఆయన ఇంటెలిజెన్స్‌లో ఆపరేషన్స్ చీఫ్. గైడ్ పేరు ఫారూఖ్. ఫీల్డ్ ఏజెంట్.

"కమిటీ వేశాం సార్. కెమెరాలు పెంచాం. ప్రతి గేటుకీ మెటల్ డిటెక్టర్, డాగ్ స్క్వాడ్, మాక్ డ్రిల్స్..."

"అంటే గోడ కట్టాం. గోడ ఉంది కదా అని జనం ఊపిరి పీల్చుకున్నారు. ఆర్బిట్ ఇప్పుడు ఆ ఊపిరి మీదే కన్నేసింది."

డబ్బిస్తే ఏ దేశానికైనా పనిచేసే విదేశీ ముఠా ఆర్బిట్. నగరంలో మెట్రో స్టేషన్‌ను పేల్చింది వాళ్ళే.

"ఏలూరు శివార్లలో మోడల్ బస్టాండ్. కొత్త భద్రతా పథకంలో మొట్టమొదటిది. గురువారం మంత్రిగారు ప్రారంభిస్తారు. అక్కడే పేలితే?"

అక్కడే పేలితే ఆ తర్వాత దేశంలో ఏ గేటునూ ఎవరూ నమ్మరు. భయం కొన్నాళ్ళకు తగ్గుతుంది. అపనమ్మకం ఇంట్లో మనిషిలా ఉండిపోతుంది. ఆ సంగతి ఫారూఖ్‌కు బాగా తెలుసు.

"సమాచారం ఎవరిచ్చారు సార్?"

"భార్గవి."

"ఆవిడ మన మనిషా, వాళ్ళ మనిషా?"

"జీతం రెండు చోట్లా తీసుకుంటోంది." చీఫ్ బైనాక్యులర్స్‌ను ఒక గూడబాతు వైపు తిప్పాడు. "అది కూడా నువ్వే తేల్చాలి."

* * *

తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్‌ను కలవడానికి భార్గవే ఎంచుకుంది. ఫారూఖ్ హోటల్ యజమాని వేషంలో బస్తాల మధ్య నిలబడ్డాడు. లేత ఆకుపచ్చ పట్టుచీర, నల్ల కళ్ళద్దాలు, మెడలో ఒంటిపేట ముత్యాలు. ఆమె నడిచి వస్తుంటే హమాలీలు మూటలతో సహా పక్కకు తప్పుకున్నారు.

"కర్నూలు సరుకు వచ్చిందాండీ?" అంది.

"వచ్చింది గానీ తడిసిందండీ."

కోడ్ సరిపోయింది. ఆమె ఒక ఉల్లిపాయ తీసుకుని పొట్టు వలుస్తూ గొంతు తగ్గించింది.

"బాంబు మనుషులు వచ్చే గేటులోంచి రాదు. తెచ్చినవాడు క్షణం కూడా ఆగడట. ఆ తర్వాత మీ జనమే దానికి కాపలా కాస్తారట. అలా అని పగలబడి నవ్వారు."

"కాపలా కాయడమేంటండీ?"

"తెలీదు. అడిగితే అనుమానం వస్తుంది."

"అయితే బస్టాండ్ ఖాళీ చేయిస్తాను."

"చేయించండి. ఈ మాట విన్నవాళ్ళం ముగ్గురం. మిగతా ఇద్దరూ వాళ్ళ మనుషులే. ఖాళీ చేయించిన సాయంత్రానికి నేనుండను."

అద్దాలు తీసింది. కళ్ళ నిండా నీళ్ళు. ఉల్లి మార్కెట్‌లో కన్నీళ్ళు ఏ సాక్ష్యానికీ పనికిరావు. అతని కళ్ళూ కారుతున్నాయి.

అబద్ధం చెప్పే మనిషి కూడా సరిగ్గా ఇదే మాట అంటుంది, అనుకున్నాడు. ఎదుటివాళ్ళలో అబద్ధాన్ని వెతికి వెతికి, నిజం ఎదురైతే ఎలా గుర్తుపట్టాలో మరిచిపోయాడు.

"నన్ను నమ్మక్కర్లేదండీ," అంది ఆమె అద్దాలు పెట్టుకుంటూ. "నా మాట నమ్మండి, చాలు."

* * *

గురువారం. కెమెరా టెక్నీషియన్ వేషంలో, నడుముకు పనిముట్ల సంచితో ఫారూఖ్ నిచ్చెనెక్కాడు. సంచిలో స్క్రూడ్రైవర్ల కింద రిమోట్ సిగ్నళ్ళను అడ్డుకునే జామర్ ఉంది. వేదిక పక్కన కొత్త ఉక్కు డ్రమ్ము. బాంబు వేసి మూత బిగిస్తే పేలుడును లోపలే మింగేస్తుంది. దానిక్కూడా రిబ్బన్ కట్టారు. మంత్రిగారు కత్తిరించాలి.

చెవిలో కంట్రోల్ రూమ్ కానిస్టేబుల్ నెల్సన్ గొంతు వినిపించింది.

"సార్, కొత్త సాఫ్ట్‌వేర్ ఒక అనుమానితుణ్ణి పట్టిందండి."

"ఎవరు?"

"నిచ్చెన మీదున్నాడండి. రెండు రోజులుగా ఇక్కడే తచ్చాడుతున్నాడని ఎర్ర గడి చూపిస్తోందండి."

"అది నేనేనయ్యా."

"మీరేనండి. ఓ మాట చెబుదామని."

ఫారూఖ్ నవ్వలేదు. గేటు దగ్గర మనుషులు ఒక్కొక్కరే మెషిన్‌లోంచి వస్తున్నారు. పెళ్ళికి వెళ్తున్న కుటుంబం, సంచీలో టిఫిన్ డబ్బా ఉన్న గుమాస్తా. ప్రతి ముఖమూ అతనికి వేషంలాగే కనిపించింది. ఖాళీ చేయించనా? ఆమె చచ్చిపోవచ్చు. ఊరుకోనా? వీళ్ళంతా చచ్చిపోవచ్చు.

అప్పుడు కైకలూరు నుంచి ఏలూరు ఊళ్ళోకి వెళ్ళే బస్సు వచ్చింది.

ప్రహరీ బయట మలుపులో స్లో అయింది. రోడ్డు మీద కాచుకున్నవాళ్ళు వెంట పరుగెత్తుతూ కిటికీల్లోంచి తువ్వాళ్ళు, జేబురుమాళ్ళు, సంచులు సీట్ల మీదకు విసిరారు. ఆ తర్వాత బుద్ధిగా గేటు వైపు నడిచి క్యూ కట్టారు. వాహనాల గేటు దగ్గర సెక్యూరిటీవాళ్ళు బస్సు కింద అద్దం పెట్టి చూశారు. సీట్ల వైపు చూడలేదు. బస్సు వచ్చి వేదిక పక్కనే ఆగింది.

పుట్టినప్పటి నుంచీ చూస్తున్న దృశ్యం. అందుకే ఇంతవరకు చూడలేదు.

నిచ్చెన దిగాడు. జామర్ ఆన్ చేశాడు. బస్సెక్కాడు. తువ్వాళ్ళు వేసిన సీట్లు ఒక్కొక్కటే మనుషులతో నిండుతున్నాయి. మధ్య వరసలో కిటికీ సీటు మాత్రం అలాగే ఉంది. అందులో నీలం సంచి, సంచి మీద తువ్వాలు. పక్క సీట్లో ఒక పెద్దావిడ ఒళ్ళో చేపల తట్ట పెట్టుకుని కూర్చుంది.

"అక్కడ మనిషున్నారండీ," అంది అతను వంగగానే.

"ఎవరమ్మా?"

"ఎవరో బాబూ. తువ్వాలేశారు కదా, వస్తారు."

"మీరు చూశారా ఆయన్ని?"

"చూడ్డమెందుకు? తువ్వాలుంది కదా!"

"ఏవండీ, వెనక ఖాళీలున్నాయి కదండీ," అన్నాడు ముందు సీటాయన. "ఒకళ్ళు వేసుకున్న సీటు లాక్కుంటారా?"

"మణెమ్మగారు అక్కడుండగా తీయనివ్వరులెండి," అని ఇంకెవరో నవ్వారు.

మీ జనమే కాపలా కాస్తారు.

భార్గవి నిజమే చెప్పింది. ఫారూఖ్ తువ్వాలు అంచు కొంచెం ఎత్తాడు. జిప్ సందులో ఎర్రటి అంకెలు వేగంగా తగ్గుతున్నాయి. జామర్ టైమర్‌ను ఆపలేదు. బాంబు అని అరిస్తే తలుపు దగ్గరే తొక్కుకుని చస్తారు.

"ఈ సంచి నాదేనమ్మా."

మణెమ్మ సంచి మీద చెయ్యి వేసింది. "నీదైతే ఇందాక ఎవరిదని అడిగావేం?"

"మీరు జాగ్రత్తగా చూస్తున్నారో లేదోనని."

ఆమె అతన్ని పైనుంచి కిందికి చూసింది. అన్నేళ్ళ సర్వీసులో ఏ ఇంటరాగేషన్‌లోనూ అతనికి అంత చెమట పట్టలేదు.

"నా మీదే అనుమానమా! తీసుకెళ్ళు. మళ్ళీ ఇక్కడికొస్తే సీటివ్వమని అడక్కు."

సంచిని పసిబిడ్డలా గుండెకు హత్తుకుని దిగాడు. మంత్రిగారి కారు గేటు దాటుతోంది. బ్యాండు మొదలైంది. ఫారూఖ్ రిబ్బన్ తెంపి, సంచిని డ్రమ్ములో పడేసి, మూత మీద పడి గడియ తిప్పి పక్కకు దొర్లాడు.

డ్రమ్ము ఒక్కసారి మూలిగింది. నేల అదిరింది. బ్యాండు ఆగిపోయింది. ఫారూఖ్ జామర్ ఆపాడు.

"నెల్సన్, మైకులో చెప్పు. ప్రదర్శన అయిపోయిందని."

"ఏ ప్రదర్శనండి?"

"ఇప్పుడు చూసిందే."

"భద్రతా ప్రదర్శన విజయవంతంగా ముగిసిందండి!" అని లౌడ్‌స్పీకర్లు మోగాయి. జనం చప్పట్లు కొట్టారు. అందరికంటే గట్టిగా మంత్రిగారు కొట్టారు. బస్టాండ్ ఖాళీ చేయించలేదు. ఎవడో సీటు కోసం గొడవపడి సంచి తీశాడనే ఆర్బిట్ అనుకుంటుంది, భార్గవిని అనుమానించదు.

సాయంత్రం ఆ బస్సు కైకలూరుకు తిరుగు ట్రిప్పులో వచ్చేలోగా ఫోన్‌లో మెసేజ్ వచ్చింది. 'సరుకు తడవలేదు.' ఆమె క్షేమం. లేదా ఆమె ఫోన్ చేతిలో ఉన్నవాడు క్షేమం. ఫారూఖ్ ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

బస్సు రాగానే సీట్లు తనిఖీ చేద్దామని ఎక్కాడు. మధ్య వరసలో మళ్ళీ మణెమ్మే. ఏలూరులో పని చూసుకుని ఇప్పుడు ఇంటికెళ్తోందట. పక్కన కిటికీ సీటు మీద ఆమె తువ్వాలు.

"పొద్దున కోప్పడ్డాను గానీ బాబూ, ఇప్పుడు బస్సు లోపలికొస్తుంటే నిచ్చెన దగ్గర నిన్ను చూశాను. ఈ బస్సుకే వస్తావని వేసి ఉంచాను. నలుగురడిగారు, ఇవ్వలేదు."

ఫారూఖ్ కూర్చోబోయి ఆగాడు. తువ్వాలు ఎత్తి కిందకు చూశాడు.

"ఏం చూస్తున్నావ్?"

"అలవాటండీ."

"ఇదేం అలవాటయ్యా!"

తువ్వాలు మడిచి ఆమెకిచ్చి కూర్చున్నాడు. కండక్టర్ వచ్చాడు. కైకలూరులో అతనికి పనేమీ లేదు. అయినా టికెట్ తీసుకున్నాడు.