ఊపిరి బిగబట్టండి

హుస్సేనీ ఆలంలోని ఆ ధర్మాసుపత్రిలో ఎక్స్‌రే గది కిటికీలకు నల్లగుడ్డ బిగించి ఏళ్ళయింది. బయట ఎండ ఫెళఫెళ కాస్తున్నా లోపల కటిక చీకటే. తొంభై నాలుగులో ఊళ్ళో డాక్టర్లంతా టీవీ తెరల మీద ఒంటి లోపలి బొమ్మలు చూస్తుంటే, గోపాలకృష్ణమూర్తి డాక్టరు ఇంకా క్రిప్టోస్కోపు పట్టుకునే వేలాడుతున్నాడు. పేరు ఘనమే గానీ, అదొక గరాటులాంటి చెక్కపెట్టె. వెడల్పు కొసన మందుపూత తెర, సన్నటి కొసన కళ్ళు ఆనించే చోటు. రోగి వీపు వెనక నుంచి కిరణాలు వదిలితే, ఛాతీ ముందు పట్టిన ఆ తెర మీద గుండె కొట్టుకోవడం పచ్చగా కనబడుతుంది. కుర్ర డాక్టర్లకు ఆ పేరే తెలియదు.

చీకటికి కళ్ళు అలవాటు పడాలని ముందు కాసేపు ఎర్ర కళ్ళద్దాలు పెట్టుకుని ఒంటరిగా కూర్చోవాలి. మిగతావాళ్ళకు అది విసుగు. ఆయనకు అదే హాయి. భార్య ఆండాలు పోయి ఏడాది. ఇంటికెళ్తే గోడలు తప్ప పలకరించే దిక్కు లేదు. ఇక్కడి చీకట్లో అయితే ఆమె పక్క గదిలో కూరలు తరుగుతోందని అనుకోవచ్చు. పిచ్చే. ఆ పిచ్చితోనే ఆయన రోజులు నెట్టుకొస్తున్నాడు.

ఆ మధ్యాహ్నం తలుపు కిర్రుమంది. గాజుల చప్పుడు... తడిసిన చామంతుల వాసన... ఎవరో వచ్చి మిషను ముందు నిలబడ్డారు. బయట కూర్చునే అటెండరు కైలాసం పంపిన రోగే అనుకున్నాడు. మొహాలు చూసే అలవాటు ఆ గదిలో లేదు. అద్దాలు తీసి, మీట నొక్కి, పెట్టెకు కళ్ళు ఆనించాడు.

"ఊపిరి బిగబట్టండి" అన్నాడు, రోజూ అన్నట్టే.

తెర వెలిగింది. పక్కటెముకలు. మంగళసూత్రం బిళ్ళలు రెండు. గుండె నిదానంగా కొట్టుకుంటోంది. పెట్టె కాస్త పైకి జరిపాడు... ఎడమ భుజానికీ మెడకీ మధ్య జత్రుక ఎముక మీద వంకర కణుపు.

ఆయన పెట్టెను అక్కడే ఆపాడు.

పురానాపూల్ మీద స్కూటరు జారినప్పుడు విరిగిన ఎముక అది. అతికించింది తనే. వంకరగా అతికించారని ఆండాలు జీవితాంతం ఏడిపించింది.

"ఆండాలూ..."

ఎలా పలుకుతుంది? ఊపిరి బిగబట్టమన్నది తనే కదా. 'వదలండి' అంటే పరీక్ష అయిపోయినట్టు. రోగి బయటికి వెళ్ళిపోతుంది. ఆ ఒక్క మాట ఆయన నోట రాలేదు. ఇంకొక్క క్షణం చూసుకుంటే చాలుననుకున్నాడు.

బయటనుంచి కైలాసం గొంతు, మెల్లగా. "సార్... కరెంటు పొయ్యి మస్తు సేపైంది. ఇంక లోపలేం చేస్తున్నరు? పేషెంటు నా తాననే కూసుంది, లోపలికి తోలలే."

మిషను చప్పుడు లేదు. నిజమే... ఎప్పటినుంచి లేదో.

తెర మాత్రం వెలుగుతోంది.

పెట్టె దించాలనుకున్నాడు. దించితే ఆమె ఉండదు. అంతలో గుండె నెమ్మదించింది. ఒకసారి కొట్టుకుంది. చాలాసేపు ఆగి... మళ్ళీ ఒకసారి. కిందటేడు ఆసుపత్రి మంచం పక్కన చెయ్యి పట్టుకుని లెక్కపెట్టిందీ ఇలాగే. మళ్ళీ చూడలేకపోయాడు. తన ఒంటరితనం కోసం ఆమెను ఇలా నిలబెట్టడం పాపమనిపించింది.

"వదులు" అన్నాడు ఏడుస్తూ. "వదిలెయ్ ఆండాలూ. ఇంక వెళ్ళు."

తెర మీద పక్కటెముకలు కిందికి దిగాయి. ఏడాదిగా దాచుకున్న ఊపిరంతా మెల్లగా బయటికొచ్చింది... తెర వైపు నుంచి కాదు. ఆయన మెడ వెనక నుంచి. చల్లగా.

తెర ఆరిపోయింది. పెట్టె ఇంకా మొహానికే ఆనించి ఉంది. ఎంత లాగినా రావడం లేదు.

"సార్! తలుపు తీయుండ్రి! ఏంది సార్ గీ లొల్లి? ఎవరితోని మాట్లాడుతున్నరు?" కైలాసం తలుపు బాదుతున్నాడు.

తలుపు ఆయన గడియ పెట్టలేదు.

చీకట్లో చామంతుల వాసన దగ్గరైంది. చెవి పక్కనే, ఎంతో ప్రేమగా, బాగా తెలిసిన గొంతు.

"ఇప్పుడు మీరు బిగబట్టండి."

ఆయన బిగబట్టాడు.

వదలమనే మాట కోసం చూస్తున్నాడు...