ఎండబాబు వండిన అన్నం

కిరసనాయిలుకు వీధి వీధంతా క్యూ కట్టే రోజులవి. రేకుల పని చేసే ఆ కుర్రవాణ్ని అందరూ ఎండబాబు అనేవారు. కట్టెలూ నిప్పూ లేకుండా ఎండతో అన్నం వండే పెట్టెలు చేసేవాడు మరి. లోపల నల్ల రంగు, పైన గాజు మూత, దాని వెనక నిలబెట్టిన అద్దం.

ఆ అద్దంతోనే తగాదా మొదలైంది.

"ఏమండీ, మీ అద్దం వెలుగు నా కళ్ళలో కొడుతోంది. సూదిలో దారం ఎక్కడం లేదు," అంది ఎదురు డాబా మీది గదిలో బట్టలు కుట్టే అమ్మాయి.

"సూర్యుడు జరుగుతున్నాడండీ, నేనేం చేయను?"

"మీరూ జరగండి."

జరిగాడు. అరగంటకోసారి పెట్టెను ఎండకు తిప్పాలి. తిప్పినప్పుడల్లా చూపు అటే పోయేది. ఆమె నవ్వడానికి రెండు నెలలు పట్టింది.

మూడో నెలలో పిల్లనివ్వమని ఆమె తల్లిని అడిగాడు. ఆవిడ ముప్పై ఏళ్లుగా హాస్టల్లో వంటమనిషి. పొగకు దగ్గు పట్టినా పొయ్యినే నమ్మింది.

"నిప్పు లేకుండా అన్నమా? ఆదివారం మా డాబా మీద వండు. ఉడికితే పిల్ల సంగతి మాట్లాడదాం. లేదంటే పిల్ల వంక చూడకు."

ఆదివారం ఎండ మాడ్చేసింది. తొమ్మిదింటికి బియ్యం పెట్టి మూత వేశాడు.

"మధ్యాహ్నం దాకా మూత తీయకండి అత్తయ్యగారూ. వేడి పోతుంది."

"అప్పుడే అత్తయ్యనా?"

కింద ఇంట్లో అమ్మాయి మేనమామ అతన్ని కూర్చోబెట్టి ప్రశ్నలు వేశాడు. పెట్టె తిప్పడానికి పైకొచ్చినప్పుడల్లా గాజు మీద కొత్త వేలిముద్రలు. ఎండబాబుకు అర్థమైంది. మెతుకు నొక్కి చూడందే ఆవిడకు ఊపిరాడదు. గాజు తుడిచి, పెట్టె తిప్పి కిందికి దిగాడు.

ఒంటిగంటకు డాబా మీదే వడ్డించారు.

"అన్నం ఇంకా పలుకే," అన్నాడు మేనమామ. "నీ పెట్టె ఫెయిలేనోయ్."

ఎండబాబు పెద్దావిడ వంక చూశాడు. ఆవిడ కొంగు సర్దుకుంది.

"మధ్యలో మబ్బు పట్టిందండీ," అన్నాడు.

అందరూ తలెత్తారు. ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉంది.

గది గుమ్మంలో బట్ట కత్తిరిస్తున్న అమ్మాయి కత్తెర పక్కన పెట్టింది. "అమ్మా, మూత ఎన్నిసార్లు తీశావ్?"

"ఎన్నో తీయలేదే. ఓ ఎనిమిది సార్లు."

మేనమామకు నవ్వి నవ్వి పొలమారింది. పెద్దావిడ మాత్రం కుర్రవాణ్నే చూస్తూ నిలబడింది.

"పిల్ల చేజారిపోతున్నా నా మీద మాట పడనివ్వలేదు," అంది మెల్లగా. "రేపు మళ్ళీ వండు బాబూ, నేను పైకి రాను. ఉడికినా ఉడక్కపోయినా మీ పెద్దవాళ్ళను తీసుకురా."

ఆ పూట ఎండబాబూ అమ్మాయీ ఆ పలుకు అన్నమే తిన్నారు. ఇన్నేళ్లలో అంత రుచి మళ్ళీ తగల్లేదని ఎండబాబు ఇప్పటికీ అంటాడు.