పెగ్గీ ఆగిన చోటు

పొద్దున్నే సోడా రొట్టె మీద వెన్న రాసుకుంటున్న ఫెర్గల్‌కు పైగదిలోంచి ఎలక్ట్రిక్ గిటార్ వినిపించింది. అది అతని తల్లి పెగ్గీ బాణీ. ఐర్లండ్‌లోని ఆ క్లేర్ పల్లెల్లో ఆవిడ ఫిడేలు మోగని వంటిల్లు లేదు. ఆ బాణీ ఆవిడ దగ్గర నేర్చుకున్నది ఫెర్గల్ ఒక్కడే. ఇప్పుడు అతని కూతురు ఓర్లా దాన్ని తన రాక్ బృందంతో కలిసి వాయిస్తోంది.

గిటార్లనూ డ్రమ్ములనూ అతను ఎలాగో దిగమింగాడు. గొంతు దిగనిది ఒక్కటే. రెండో భాగం మధ్యలో పాట ఠక్కున ఆగుతుంది. ఆ ఖాళీలో డ్రమ్ము ధడేలుమంటుంది.

ఓర్లా కిందికి దిగింది. "నాన్నా, సాయంత్రం కచేరీ పాటల పట్టీ మధ్యాహ్నానికల్లా ఇవ్వాలి. నానమ్మ బాణీ వాయించమంటావా? నువ్వు వద్దంటే వాయించను. ఒట్టు."

"డ్రమ్ములు కొట్టుకుంటావో, డబ్బాలు కొట్టుకుంటావో నీ ఇష్టం. మా అమ్మ అక్కడ ఏనాడూ ఆగలేదు! నడిచే పాట కాళ్లు విరగ్గొట్టావు కదే!"

"నేనేం విరగ్గొట్టలేదు. నానమ్మే ఆగింది. టేపులో ఎలా ఉంటే అలా చెవితో పట్టుకున్నా."

"తాతకు దగ్గులు నేర్పుతున్నావా?" ఫెర్గల్ ఒంటికాలి మీద లేచాడు. "నలభై ఏళ్లు ఆవిడ పక్కన కూర్చుని వాయించినవాణ్ని!"

"ఆ టేపు నువ్వసలు విన్నావా?" అప్పటిదాకా కిమ్మనకుండా గిన్నెలు తోముతున్న భార్య నోరీన్ అడిగింది.

అరవై ఏళ్ల కిందట, పాటలు సేకరించే ఒకాయన ఇదే వంటింట్లో రికార్డు చేసిన టేపు అది. దాని నకలు ఇంటికొచ్చి ఏడాదైంది. పోయిన తల్లి ఫిడేలు వినే గుండె ఫెర్గల్‌కు లేకపోయింది.

ఓర్లా ఫోను బల్ల మీద పెట్టి ఆ రికార్డింగు మోగించింది. పెగ్గీ ఫిడేలు గది నిండా పరుగెత్తింది. రెండో భాగంలో నిజంగానే ఆగింది. ఏదో చెక్క కిర్రుమంది. మళ్లీ ఫిడేలు అందుకుంది.

పాట ముగిశాక ఓర్లా ఆపబోతే నోరీన్ ఆమె చెయ్యి పట్టుకుంది. "ఎప్పుడూ ఇక్కడే ఆపేస్తావేం? ఉండు."

టేపులో మగగొంతు అడిగింది. "మధ్యలో ఆగారేం పెగ్గీ గారూ?"

"మా ఫెర్గల్ కదిలాడండీ. కాలితో ఊపుదామంటే ఉయ్యాల అందక కాస్త జరిగాను. పాటదేముంది, ఎక్కడికీ పోదు. పిల్లాడు లేస్తేనే కష్టం."

ఫెర్గల్ కుర్చీలో కూలబడ్డాడు. కళ్లనీళ్లు ఆగలేదు.

"అయ్యో, నాకు తెలీదు నాన్నా. అదీ పాటే అనుకున్నా. తీసేస్తాం."

"తీస్తే ఊరుకోను!" కూతురి తల మీద చెయ్యి వేశాడు. "నీ చోట నేనుంటే ఆ ఖాళీ తప్పనుకుని దిద్దేసేవాణ్ని. నా కోసం మా అమ్మ పాట ఆపిందని నాకెప్పటికీ తెలిసేది కాదు. చల్లగా ఉండు తల్లీ."

గోడ మీది ఫిడేలు దించాడు. "సాయంత్రం నేనూ వస్తా. అక్కడ మాత్రం డ్రమ్ము మెల్లగా కొట్టమను. పిల్లాడు లేస్తాడు."

ముగ్గురూ ఏడుస్తూనే నవ్వారు.

ఆ సాయంత్రం వేదిక మీద రెండో భాగం మధ్యలో అందరూ ఆగారు. ఆ ఒక్క క్షణం ఫెర్గల్ కాలు తనంతట తనే కాస్త ముందుకు జరిగి, లేని ఉయ్యాలను ఊపింది.