అదే పేరుతో ఇంకొకటి

మల్లట్‌కి మూడు కిలోమీటర్ల అవతల, కాలవ గట్టు పక్కన ఉంటుంది మా వలస రైతుల క్యాంపు. నలభై ఏళ్ళ కిందట మా మామయ్యగారు కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడ వరి వేశారు. పిల్లలిద్దర్నీ మాత్రం నేను పట్టుబట్టి విజయవాడ హాస్టళ్ళలో చేర్పించాను. వాళ్ళని పెంచడమంతా ఫోన్లోనే. ఆదివారం సాయంత్రం అయిదున్నర నుంచి ఆరు వరకూ. అరగంటలో ఏం తిన్నారో, ఎలా నిద్రపోతున్నారో, చెవులు శుభ్రం చేసుకున్నారో లేదో అన్నీ అడగాలి. మర్చిపోతానని కాగితం మీద రాసి పెట్టుకుంటాను.

మా చిన్నవాడి అసలు పేరు మామయ్యగారిదే. మా ఇళ్ళలో కోడలు మామగారి పేరు పలకదు. అందుకని నేను వాణ్ణి చినబాబు అంటాను. హాస్టల్లో పిల్లలు మాత్రం అసలు పేరు పట్టుకుని "తాతా, తాతా" అని ఏడిపిస్తారట.

చినబాబుకి కత్తులు, కోటలు ఉండే ఒక కంప్యూటర్ ఆటంటే ప్రాణం. దసరా సెలవులకి వస్తే పది రోజులే ఉంటాడు. "అమ్మా, నేను వచ్చేసరికి మాడ్లన్నీ ఎక్కించి ఉంచవా?" అని అడిగాడు. మాడ్లంటే ఆటని మార్చేవి. కొత్త బట్టలు, కొత్త ఊళ్ళు, కొత్త గొంతులు. వాటిని వరసలో పెట్టడానికి మేనేజర్ అని ఒకటి ఉండాలట. వేసవిలో వెళ్ళేటప్పుడే వాడు నెట్‌లోంచి రెండు మేనేజర్లు దించి పెట్టాడు. "ఏది మంచిదో నువ్వే చదివి చూడమ్మా, నీకైతే ఓపిక. ఒక్కటే గుర్తుంచుకో, ఒకే పేరుతో రెండుంటే కడపట వచ్చినదే నిలుస్తుంది. ముందుది పోతుంది."

నాలుగు రోజులు చదివాను. మొదటి మేనేజర్ అసలు ఆటని ముట్టుకోదు. మాడ్లని పక్కన ఉంచి, ఆటలో ఉన్నట్టు చూపిస్తుందంతే. రెండోది తీసుకెళ్ళి ఆట లోపలే పెడుతుంది, పాతదాని మీద. మొదటిదే క్షేమమని చాలామంది రాశారు. కానీ లేనిదాన్ని ఉన్నట్టు చూపించడం నాకు నచ్చలేదు. పిల్లాడికి అలాంటిది ఇవ్వడం మోసంలా అనిపించింది. రెండోది ఎంచుకున్నాను.

ఆ ఆదివారం మా ఆయన హరిబాబు పొలానికి నీళ్ళు కట్టడానికి వెళ్ళారు. ఆకాశమంతా మబ్బు. అయిదింటికే లైటు వేయాల్సి వచ్చింది. కిటికీలోంచి తడిసిన వరి వాసన, కాలవ బురద వాసన. నేను ఒక్కో మాడ్ ఎక్కించి, ఆట తెరిచి, పని చేస్తోందో లేదో చూస్తున్నాను. కోట తలుపు దగ్గరికి వెళ్ళగానే కాపలావాడు మామయ్యగారి గొంతుతో అరిచాడు.

"ఎవడ్రా అది, నా గడప తొక్కేది?"

అంట్లు తోముతున్న మారెవ్వ పరుగున వచ్చింది. ఊళ్ళోంచి పనికి వచ్చే మనిషి, నా కన్నా పెద్దదైనా నన్ను అక్కా అంటుంది.

"ఏందక్కా! ముసలాయన గీ పెట్టెల కూసున్నడా?"

"కాదు మారెవ్వా. మొన్న వేసవిలో చినబాబు తాతతో తిట్టించుకుని రికార్డు చేశాడు."

"సచ్చినంక గూడ తిట్టుడు బంద్ జెయ్యలే మనిషి. నా జీతంలెక్క గాయన తిట్లు గూడ నెలనెలా ఇస్తుండె." నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయింది. ముక్కు ఎగబీల్చింది. "అక్కా... చుట్ట ఎవరు తాగుతున్రు?"

నాకూ వచ్చింది. పచ్చి పొగాకు, ఉమ్మి కలిసిన మామయ్యగారి చుట్ట వాసన.

మారెవ్వ చేతులు చీరకి తుడుచుకుని, అంట్లు అక్కడే వదిలేసి వెళ్ళిపోయింది.

మామయ్యగారు నాతో చివరి ఏడాది సరిగ్గా మాట్లాడలేదు. చినబాబుని పంపించినందుకు. మంచంలో పడ్డాక ఒకసారి నా చెయ్యి పట్టుకుని, గోళ్ళు దిగేలా నొక్కి అడిగారు. "అమ్మాయ్, నా మనవణ్ణి నువ్వు తెస్తావా, నన్ను వెళ్ళి తెచ్చుకోమంటావా?" చెయ్యి విడిపించుకుని దుప్పటి కప్పాను. జూలైలో పోయారు.

ఆఖరి మాడ్ ఎక్కిస్తుండగా మేనేజర్ ఆగింది. అది చినబాబు సొంత గొంతుతో చేసుకున్నది. ఆటలో హీరోకి వాడి అసలు పేరే పెట్టాడు, ఆ ఫైలుకీ అదే పేరు. తెర మీద ప్రశ్న వచ్చింది.

ఇదే పేరుతో ఇంకొకటి ఉంది. దేన్ని ఉంచాలి?

ఒకటి చిన్నది, మే నెలలో చేసింది. ఇంకొకటి దానికి నాలుగింతలుంది. తేదీ జూలై పంతొమ్మిది. ఆ రోజు మామయ్యగారి పెద్దకర్మ. ఈ గదికి తాళం వేసి, తాళంచెవి నా కొంగున ముడేసుకున్నాను. కంప్యూటర్‌ని ఎవరూ ముట్టుకోలేదు.

అప్పుడే ఫోన్ మోగింది. కాగితం తీయడం కూడా మర్చిపోయాను.

"నాన్నా, రెండున్నాయిరా ఇక్కడ. ఏది ఉంచను?"

"ఏ ఫైలమ్మా? పేరు చదువు."

నోరు తెరిచాను. రాలేదు. "అదే... నీ పేరే."

"ఇంకా అనవా?" వాడు పకపకా నవ్వాడు. "తాత పోయి మూడు నెలలైంది కదే అమ్మా! సరే, నా గొంతుదా? రెండుసార్లు రికార్డు చేశానేమో. పెద్దది ఉంచు."

"అది కాదురా, దాని మీద తేదీ..."

"పెద్దదే అమ్మా! వార్డెన్ వస్తున్నాడు..."

ఫోన్ ఆగిపోయింది. తిరిగి చేశాను, ఎత్తలేదు. వాడు చెప్పినట్టు చేస్తే నా తప్పు ఉండదు కదా అనుకున్నాను. పెద్దది నొక్కాను. నొక్కిన తరవాత తట్టింది. మా ఇంట్లో పెద్ద అంటే ఒక్కరే.

ఆట తెరిచాను. హీరో గడ్డి నేల మీద అటు తిరిగి నిలబడ్డాడు. హెడ్‌ఫోన్ పెట్టుకున్నాను. మొదట ఏమీ లేదు. తరవాత దగ్గు. ఛాతీలోంచి, తెమడతో. మెల్లగా ఊపిరి.

"అమ్మాయ్..."

తెర వైపు వంగాను.

"నువ్వు తేలేదుగా. నేనే వెళ్తున్నా."

హెడ్‌ఫోన్ లాగి పడేశాను. మేనేజర్ తెరిచి, పెట్టినది తీసెయ్యమని నొక్కాను. తీసేశానంది. పాతది తిరిగి పెట్టమన్నాను. పాతది లేదంది. చినబాబు గొంతు ఉన్న చోట సున్నా కనబడింది.

కరెంటు పోయింది. గది నల్లబడింది. తెర ఒక్కటే వెలుగుతోంది. యూపీఎస్ కూత పెడుతోంది... ఆగుతోంది... మళ్ళీ పెడుతోంది. చుట్ట వాసన ఇప్పుడు నా జుట్టులో ఉంది.

ఫోన్ మోగింది. వార్డెన్.

"మేడమ్, బాబుని పంపించేశామండీ. చెబుదామని చేశాను."

"ఎక్కడికి?"

"వాళ్ళ తాతగారు వచ్చారుగా? మీరే రమ్మన్నారని చెప్పారు."

"ఏ తాతగారు? ఎవరండీ?"

"పేరడిగామండీ. బాబు పేరే చెప్పారు. గుర్తింపు కార్డు కూడా చూపించారు, సరిపోయింది. చేతికర్ర పట్టుకుని నిదానంగా నడుస్తున్నారు. ఇప్పుడే గేటు దాటారు."

"ఆపండి! పరిగెత్తండి, వాణ్ణి ఆపండి!"

అవతల ఏదో అన్నాడు. నాకు వినపడలేదు. మా వాకిట్లో గేటు చప్పుడైంది.

విజయవాడ నుంచి మా క్యాంపుకి ఒక రాత్రి ప్రయాణం.

అడుగులు. వరండా మెట్ల మీద. స్కూలు బూట్లు, అడుగున మేకు ఊడి టక్కుమనే బూటు. అది నేను బాగుచేయించాలని కాగితం మీద రాసి పెట్టుకున్నదే. ప్రతి రెండడుగుల మధ్యా ఇంకో చప్పుడు. కర్ర.

మనుషులు ఇద్దరైతే అడుగులు నాలుగు వినపడాలి. రెండే వినపడుతున్నాయి.

తలుపు దగ్గర ఆగాయి. కర్ర కొసతో రెండుసార్లు తట్టారు. తరవాత మా చినబాబు గొంతు. పద్నాలుగేళ్ళ గొంతు, ఈ మధ్యే బొంగురుపోతున్న గొంతు.

"అమ్మాయ్. తలుపు తియ్యి."

గొళ్ళెం మీద చెయ్యి పెట్టాను. తీస్తే ఎవరొస్తారు? తీయకపోతే, ఆ మనిషి లోపల నా బిడ్డ ఉంటే?

వాణ్ణి పిలవాలి. చినబాబూ అని పిలిచాను. బయట ఉలుకూ పలుకూ లేదు. మళ్ళీ పిలిచాను. లేదు.

పంతొమ్మిదేళ్ళ కాపురంలో ఒక్కసారీ పలకని ఆ పేరు, గొంతు చించుకుని పిలిచాను.

"బాపయ్యా!"

"ఆఁ" అని తలుపు అవతల నుంచి వచ్చింది.

"ఆఁ" అని నా వెనక, నేల మీద పడి ఉన్న హెడ్‌ఫోన్లోంచి వచ్చింది.

రెండూ మా చినబాబు గొంతే. ఒకటి ముందు, ఒకటి తరవాత. కడపట వచ్చినదే నిలుస్తుందని వాడు చెప్పాడు... నా అరుపు ఇంకా చెవుల్లో మోగుతోంది. ఏది తరవాత వచ్చిందో నాకు తెలియలేదు.