బోటు చుట్టూ మూడుసార్లు

సోమవారం ఉదయం 6.40. భీమునిపట్నం ఒడ్డుకి ఒక ఫైబర్ బోటు వచ్చి ఆగింది. వేటకి వెళ్లినవాళ్లు ఇద్దరు. దిగినవాడు ఒక్కడు.

దిగినవాడు గురువులు. రానివాడు అతని బామ్మర్ది మోహన్. వయసు ఇరవై నాలుగు.

"అల కొట్టింది మేడం. ఆడు పడిపోనాడు. డీజిల్ కేను అట్టుకుని తేలతన్నాడు, నా కళ్లతో సూశాను. నీటి లాగుడుకి దూరం పోనాడు" అన్నాడు గురువులు, ఎస్సై సత్యశ్రీతో.

"బతికే ఉన్నాడంటావా?"

"ఉంటాడు మేడం. ఏ బోటోళ్లో ఎక్కించుకునుంటారు. వొచ్చేత్తాడు."

కోస్ట్‌గార్డ్ మూడు రోజులు వెతికింది. ఏమీ దొరకలేదు.

మోహన్ తల్లి గంగాలమ్మ అల్లుడి మాట పట్టుకునే బతుకుతోంది. రోజూ పొద్దున్నే కుండలో పసుపునీళ్లతో బోటు చుట్టూ, దాన్ని కుడిచేతి వైపు ఉంచుకుని, మూడుసార్లు తిరిగేది. సముద్రంలో తప్పిపోయినవాణ్ణి అలా తిరిగి పిలిస్తే ఒడ్డుకొస్తాడని ఆ వీధివాళ్ల నమ్మకం. తర్వాత స్టేషన్‌కొచ్చి కూర్చునేది. గుడి చుట్టూ తిరిగితే పుణ్యం, పోలీస్‌స్టేషన్ చుట్టూ తిరిగితే చెప్పులరుగుతాయి. గంగాలమ్మకి అరగడానికి చెప్పులు కూడా లేవు.

"నా కొడుకు కబురేటైనా తెలిసిందేటమ్మా?"

ఆ మాట విన్నప్పుడల్లా సత్యశ్రీకి ఒళ్లు మండేది. ఆవిడ మీద కాదు, తన మీద తనకే.

బోటులో ఒక్కటే తేడా. లంగరు లేదు.

"ఏమైంది?"

"తాడు తెగిపోనాది మేడం."

"ఎప్పుడు?"

"ముందు రోజు."

"మోహన్‌తో గొడవలున్నాయా?"

"సొంత బామ్మర్ది మేడం. గొడవేటి?"

గురువులు భార్య సాయిదుర్గ, అంటే మోహన్ అక్క, ఆ మాట విని తల దించుకుంది. ఆమె మణికట్టు వాచి ఉంది. అడిగితే జారిపడ్డానంది.

శుక్రవారం 6.20. సత్యశ్రీ ఒడ్డున నిలబడి గంగాలమ్మ తిరగడం చూస్తోంది. తడి ఇసుకలో అడుగులు వరసగా పడుతున్నాయి. ఉన్నట్టుండి సత్యశ్రీ ఫోన్ తీసింది.

అందులో మంగళవారం నాటి ఫొటో ఉంది. టైమ్ 5.52. కానిస్టేబుల్ దాలయ్య బోటు చెక్ చేయడానికి వెళ్లి తీశాడు. రాత్రి పోటు వచ్చి ఇసుకని చదును చేసి పోయింది. దాని మీద ఒకే మనిషి అడుగులు. ఎడమకాలికి చిటికెనవేలు లేదు, అంటే గురువులు కాలు. 'ఇంటివాళ్ల అడుగులు' అని రాసి ఫైల్లో పెట్టాడు దాలయ్య. సత్యశ్రీ దాన్ని నాలుగుసార్లు చూసింది. కాలిని చూసింది గాని, కాలు ఎటు పోతోందో చూడలేదు.

"దాలయ్యగారూ, గురువుల్ని తీసుకురండి. సాయిదుర్గని కూడా."

6.45. ఇద్దర్నీ బోటు దగ్గరే నిలబెట్టింది.

"మంగళవారం పొద్దున్న ఇక్కడికొచ్చావా?"

"వొచ్చాను. బామ్మర్ది రావాలని తిరిగాను."

"ఎన్ని చుట్లు?"

"మూడు."

"ఎటువైపు?"

గురువులు బోటు వైపు చూశాడు.

సత్యశ్రీ ఫోన్ గంగాలమ్మ చేతికిచ్చింది. అది క్రూరమైన పని. తెలిసే చేసింది. లంగరు లేదు, శవం లేదు, సాక్షి లేడు. వాడి నోరు విప్పించగలిగేది ఈ తల్లి ఒక్కతే.

"చూడండమ్మా. వేళ్లు ఎటున్నాయి?"

గంగాలమ్మ ఫోన్‌ని కళ్లకి దగ్గరగా పెట్టుకుని చూసింది. వల తాడు చుట్టుకుని ఆ వేలు తెగినప్పుడు పసరు కట్టింది తనే.

"ఎడంపక్కకి తిరిగావేటి అల్లుడా?" మెల్లగా అడిగింది. "బోటు ఎడంసేతి పక్కనెట్టుకుని తిరిగావు. అలగ సచ్చినోడికి కదా తిరుగుతారు. బతికే ఉన్నాడని నాతో సెప్పి, నువ్వెవుడికి తిరిగావు?"

"మసక ఎలుతుర్లో... తెలీక..."

"మీ అయ్య కాష్టం సుట్టూ తిరిగినోడివి. తెలీదా?"

సాయిదుర్గ తలెత్తింది. "ఈడు నన్ను కొడతన్నాడని మోహన్‌కి తెలిసిపోనాది మేడం. అక్కని పుట్టింటికి తీసుకెళిపోతానన్నాడు. ఆదివారం ఇద్దరూ దెబ్బలాడుకున్నారు."

గురువులు బోటుకి ఆనుకుని చెప్పాడు.

"ఒల ఎయ్యకముందు ఆడు కునుకు తీత్తన్నాడు. లంగరు తాడు నడుంకి కట్టీసి తోసీసినాను."

"మరి తిరగడం దేనికి?"

"దినం సెయ్యని శవం బోటుని వొదల్దు మేడం. ఏటకెళ్లాలి కదా. అందుకే..."

మనిషిని ముంచినవాడికి పోలీసుల భయం లేదు. మర్నాటి వేట గురించే బెంగ. సత్యశ్రీకి వాణ్ణి అక్కడే కొట్టాలనిపించింది. చేతులు వెనక్కి కట్టుకుంది.

"ఎంత లోతు?"

"పదిహేను బారలు."

7.05. దాలయ్య డైవర్ల కోసం ఫోన్ చేస్తున్నాడు. గంగాలమ్మ వంగి కుండ తీసుకుని ఎడమభుజం మీద పెట్టుకుంది. పసుపునీళ్లు ఇంకా సగం ఉన్నాయి. బోటుని ఎడమచేతి వైపు ఉంచుకుని నడవడం మొదలుపెట్టింది. ఆడది ఆ పని చెయ్యకూడదని చుట్టూ చేరిన జనంలో ఒక్కరూ అనలేదు.

ఒకటి. రెండు. మూడు.

మూడో చుట్టు అయ్యాక కుండని అల్లుడి కాళ్ల ముందు పగలగొట్టి, వెనక్కి చూడకుండా ఇంటికి నడిచింది. ఆవిడ వెనకే సాయిదుర్గ పుట్టింటికి నడిచింది.